‘నువ్వు మారిపోయావ్’ అంటే ఏం చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లోంచి నాలుగు పక్కన పెట్టుకున్నాను. నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి. వయసులు వేరు, సొంత ఊళ్లు వేరు, కష్టాలు వేరు, కానీ అటు తిప్పీ ఇటు తిప్పీ అందరూ అడుగుతున్నది ఒకటే: నేను మునుపటిలా లేను, మరి ఇప్పుడు నేనెవరిని, నన్ను పాత మనిషిగా ఎరిగినవాళ్లకి ఏం చెప్పుకోవాలి అని. పేర్లు తీసేశాను, ఉత్తరాలు కొంచెం కుదించాను. జవాబులు మాత్రం కొన్ని పొడుగ్గానే ఉన్నాయి, ఇలాంటివాటికి రెండు ముక్కలు చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పన్నెండేళ్లయింది, మారతహళ్లిలో ఉంటాం. నాకు 35 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో లీడ్‌ని. మేనేజర్ పోస్టు కోసం ఆరేళ్లు రాత్రీ పగలూ కష్టపడ్డాను. పోయిన నెల ఇస్తామన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషంతో అనుకునేరు, నాకు అది వద్దనిపించి. మా ఆయనతో అంటే, ‘దాని కోసమే కదా ఇన్నేళ్లు నన్నూ పాపనీ పక్కన పెట్టావ్, ఇప్పుడు వద్దంటావేంటి, నువ్వు మారిపోయావ్’ అన్నారు. నిజమే, మారిపోయాను. ఇంకో సంగతి. ఆఫీసులో అందరి ముందూ ‘ఈ బిల్డ్ బయటికి వెళ్లడానికి వీల్లేదు, రిలీజ్ ఆపండి’ అని గట్టిగా చెప్తాను. అదే అత్తగారింటికి వెళ్తే నోట్లో నాలుక ఉండదు. రెండో బిడ్డ ఎప్పుడని అడిగితే నవ్వేసి వంటింట్లోకి పోతాను. నాకు రెండో బిడ్డ వద్దు. ఇందులో అసలు నేను ఎవరు? నన్ను నేను తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?
(పేరు వద్దు, మారతహళ్లి)

జవాబు: ముందు అత్తగారిల్లు సంగతి చూద్దాం. ఆఫీసులో గట్టిగా, అక్కడ మెత్తగా ఉండటంలో తప్పేమీ లేదండీ. పాపతో ఒకలా, టీమ్‌తో ఒకలా, మీ నాన్నగారితో ఒకలా మాట్లాడతారు, అన్నీ మీరే. అయితే ఒకటి గమనించండి. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి వెళ్లి ఆదివారం రాత్రి తిరిగి వస్తారు కదా, ఆ తిరుగు ప్రయాణంలో మీకెలా ఉంటుంది? వంటా వార్పూ చేసి ఒళ్లు నొప్పులుగా ఉంటే అది అలసట, ఒక నిద్రతో పోతుంది. అలా కాకుండా, అక్కడ అనలేకపోయిన మాటని బస్సులో అనుకుంటూ, కళ్లు మూసుకుని అత్తగారితో వాదించుకుంటూ హోసూరు రోడ్డు దాకా వస్తున్నారంటే మాత్రం మీరు అక్కడ సర్దుకోలేదు, దాచుకున్నారు. సర్దుకోవడం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, పెళ్లయిన రోజు నుంచి అదే పని. మనిషిని లోపల్లోపల తినేసేది దాచుకోవడం.

ఇప్పుడు మేనేజర్ పోస్టు. ‘ఎందుకు వద్దనిపిస్తోంది’ అని మీరు ఈ నెలంతా తవ్వుకుంటూ ఉండి ఉంటారు. ఆ తవ్వకం కాసేపు ఆపమంటాను. 1977లో నిస్‌బెట్, విల్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన పత్రం రాశారు. అందులో ఒక ప్రయోగం ఉంది. ఒక బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమని జనాన్ని అడిగారు. నిజానికి నాలుగూ ఒకటే రకం. మిగతా జతలకన్నా కుడి చివర ఉన్న జతనే ఎక్కువమంది ఎంచుకున్నారు, ఎందుకని అడిగితే నేత బాగుందనీ పలచగా ఉందనీ ఏవేవో కారణాలు చెప్పారు, అది కుడి చివర ఉండటం వల్ల అని ఒక్కరూ అనలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఆ కారణాలు నిజమనే నమ్మారు. మనం మన గురించి చెప్పుకునే కారణాల్లో ఇలాంటివి బోలెడుంటాయి. ‘నాకు ధైర్యం లేదేమో’, ‘నేను బద్ధకస్తురాలినైపోయానేమో’, ‘పాప మీద బెంగేమో’ అని ఎన్నయినా అనిపిస్తాయి, అన్నీ నిజమేనేమో అనిపిస్తాయి కూడా.

అందుకని కారణాలు వదిలేసి జరిగింది రాసుకోండి. రెండు వారాలు, పడుకునే ముందు నాలుగు వాక్యాలు చాలు. ఇవాళ ఏ పని చేస్తుంటే టైమ్ తెలియలేదు? ఏ మీటింగ్‌కి ముందు కడుపులో తిప్పింది? దేని గురించి ఇంటికొచ్చి అడగకుండానే చెప్పారు? మేనేజర్ చేసే పని ఏంటో మీకు నాకంటే బాగా తెలుసు. అప్రైజల్ రేటింగులు, ఎవరికి హైక్ ఎవరికి లేదు అని చెప్పడం, రాత్రి పూట క్లయింట్ కాల్స్, ఎస్కలేషన్లు. మీరు ఇప్పుడు చేసేది వేరు: ఎవరికీ దొరకని బగ్‌ని పట్టుకోవడం, డెవలపర్ ‘నా మెషిన్‌లో బాగానే ఉందే’ అంటే అదే తప్పు మళ్లీ వచ్చేలా చేసి అతనికి చూపించడం. మీ రాతల్లో ఈ రెండింట్లో ఏది ఎక్కువసార్లు కనబడుతుందో చూడండి. మీ ఉత్తరంలో అయితే ప్రాణం ఉన్న వాక్యం ‘రిలీజ్ ఆపండి’ అన్నదే.

ఇంకొకటి కూడా మీకు పనికొస్తుంది. టోరీ హిగిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఒక సంగతి విడమరిచి చెప్పాడు. మనం ఇప్పుడు ఎలా ఉన్నామో అది ఒకటి, ఎలా ఉండాలని ఆశపడతామో అది ఒకటి, ఎలా ఉండి తీరాలని మనమో ఇతరులో అనుకుంటామో అది ఇంకొకటి. ఆశకీ మనకీ దూరం పెరిగితే నీరసం, దిగులు వస్తాయి. ‘ఉండి తీరాలి’ అన్నదానికీ మనకీ దూరం పెరిగితే భయం, టెన్షన్, తప్పు చేసిన భావం వస్తాయి. ఆ పోస్టు వద్దని రేపు మెయిల్ పెట్టేసినట్టు ఊహించుకోండి. మీకు ముందుగా వచ్చేది ‘అయ్యో, పోయిందే’ అన్న బాధా, ‘ఇప్పుడు అందరికీ ఏం చెప్పాలి’ అన్న టెన్షనా? రెండోదైతే ఆ పోస్టు మీ ఆశగా ఉండటం ఎప్పుడో మానేసింది, మోయాల్సిన బాధ్యతగా మిగిలింది. ఆరేళ్ల కింద మీరు ఆశపడ్డది మాత్రం నిజం, అప్పటి మిమ్మల్ని ఇప్పుడు తిట్టుకోకండి.

ఇక మీ ఆయన. ఆయన కోపంలో నాకు న్యాయం కనబడుతోంది. ఆరేళ్ల సాయంత్రాలు ఆయన పాపతో ఒక్కడే గడిపింది మీ మాట మీద నమ్మకంతో. బహుశా ఆ జీతం వస్తుందని ఇంటి లోను గురించో, పాప స్కూలు గురించో ఆయన లెక్కలు కూడా వేసుకుని ఉంటారు. మనం మారినప్పుడు లోకమంతటికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మన పాత మాట నమ్ముకుని ఏదైనా వదులుకున్నవాళ్లకి, మన మాట మీద ఏదైనా కట్టుకున్నవాళ్లకి మాత్రం చెప్పాలి, అది కూడా వాళ్లు అడిగేలోపు మనమే చెప్పాలి. కాబట్టి ‘నాకు వద్దనిపిస్తోంది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఆ రెండు వారాల రాతలు ఆయనకి చూపించండి. జీతం తేడా నెలకి ఎంత, ఈఎంఐ ఎంత, ఆ పోస్టు లేకపోతే సాయంత్రాలు ఎన్ని గంటలు మిగులుతాయి, కాగితం మీద పెట్టుకుని మాట్లాడండి. మీ కంపెనీలో మేనేజర్ కాకుండా టెస్ట్ ఆర్కిటెక్ట్ లాంటి సాంకేతిక దారి ఉందా అని కూడా అడగండి, చాలాచోట్ల ఉంటుంది, అడగకుండా ఎవరూ చెప్పరు. ఇవన్నీ అయ్యాక ఆయన్ని కూడా అడగండి, ఈ ఆరేళ్లలో ఆయన ఏం మారారో. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

చివరిది, అన్నిటికన్నా పెద్దది. ‘నాకు రెండో బిడ్డ వద్దు’ అని రాశారు. ‘మాకు’ అనలేదు. అంటే ఆయనకి ఈ మాట ఇంకా చెప్పలేదనుకుంటున్నాను. వంటింట్లోకి వెళ్లిపోవడం అత్తగారి దగ్గర ఇంకో ఏడాది నడిచినా పెద్ద నష్టం లేదు, ఆయన దగ్గర మాత్రం నడవదు. ముందు ఆయనకి చెప్పండి. ఆయనకీ తన ఆలోచన ఉండే ఉంటుంది, అది మీకు నచ్చకపోవచ్చు కూడా, అయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. తేలాక వాళ్లమ్మకి చెప్పే పని ఆయనది, మీది కాదు. పోస్టు విషయం, ఈ విషయం ఒకే రాత్రి కలిపి మాట్లాడొద్దు, దేనికీ న్యాయం జరగదు.

ప్రశ్న: నా వయసు 68. కృష్ణా జిల్లావాణ్ని. చదువుకునే రోజుల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి వెళ్లేవాణ్ని. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక బసవనగుడి నేషనల్ కాలేజీలో సైన్స్ ఫోరం ఉపన్యాసాలు, హెచ్. నరసింహయ్య గారి మాటలు నా ఆలోచనకి పదును పెట్టాయి. నలభై ఏళ్లు హేతువాదినని చెప్పుకుని బతికాను. పిల్లల అన్నప్రాసనలు చేయలేదు, గృహప్రవేశం చేయలేదు. నా భార్య వంటింటి అలమరలో ఒక చిన్న వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకునేది. నేను వద్దనలేదు గానీ ఎగతాళి చేసేవాణ్ని. పోయిన ఏడాది ఆమె కాలం చేసింది. అప్పటినుంచి సాయంత్రాలు మల్లేశ్వరంలో కాడు మల్లేశ్వర గుడికి వెళ్లి కూర్చుంటున్నాను. ఎందుకో తెలియదు. ఒకటి రెండుసార్లు చేతులు కూడా జోడించాను. మొన్న పాత మిత్రుడొకాయన చూసి ‘చివరికి నువ్వు కూడానా’ అన్నాడు. అప్పటినుంచి సిగ్గుగా ఉంది. నలభై ఏళ్ల నా బతుకు అబద్ధమా, ఇప్పుడు చేస్తున్నది అబద్ధమా?
(ఒక పాఠకుడు, మల్లేశ్వరం)

జవాబు: రెండూ అబద్ధం కాదండీ.

మన భాషలో ఇలాంటి మార్పుకి అందరికీ తెలిసిన ఉదాహరణ చలం. పెళ్లినీ, మతాన్నీ, నీతి పేరుతో జరిగే అన్యాయాన్నీ అంత తీవ్రంగా నిలదీసిన రచయిత 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్లి రమణాశ్రమం దగ్గర ఉండిపోయాడు, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన్ని ప్రేమించినవాళ్లలోనే చాలామందికి అది మింగుడు పడలేదు. కానీ ఆయన ముందు రాసినవి చదివి ధైర్యం తెచ్చుకున్న ఆడవాళ్లకి ఆ ధైర్యం వెనక్కి పోలేదు కదా. మీరు నలభై ఏళ్లు హేతువాదిగా ఉండి పిల్లలకి ప్రశ్నించడం నేర్పి ఉంటే, ఎవరినైనా ఒక దొంగబాబా బారి నుంచి బయటపడేసి ఉంటే, ఆ పనులన్నీ చేసింది మీరే, అవి జరిగిపోయాయి, ఇప్పుడు మీరు గుడి మెట్ల మీద కూర్చున్నంత మాత్రాన అవి చెరిగిపోవు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనవాళ్లు అంటారు. ఆ సామెత అంత నమ్మదగింది కాదు. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 18 నుంచి 68 ఏళ్ల దాకా 19 వేల మందికి పైగా మనుషుల్ని అడిగారు, కొంతమందిని గడిచిన పదేళ్లలో ఎంత మారారు అని, కొంతమందిని వచ్చే పదేళ్లలో ఎంత మారతారని అనుకుంటున్నారు అని. అన్ని వయసుల్లోనూ దాదాపు ఒకటే తేలింది: వెనక్కి చూసినవాళ్లు ఇప్పటిదాకా చాలా మారామన్నారు, ముందుకి చూసినవాళ్లు ఇకమీదట పెద్దగా మార్పు ఉండదన్నారు. పెద్దవాళ్లలో మార్పు కొంచెం నెమ్మదిస్తుంది గానీ, ప్రతి వయసులోనూ మనుషులు తమ రాబోయే మార్పుని తక్కువగానే అంచనా వేస్తున్నారని తేలింది. మీరు నలభై ఏళ్లుగా ‘నేనింతే’ అనుకున్నారు. అందరూ అలాగే అనుకుంటారు.

ఇప్పుడు గుళ్లో మీరు ఏం చేస్తున్నారో చూద్దాం. కూర్చుంటున్నారు. చేతులు జోడించారు. దేవుడున్నాడని నాకు నమ్మకం కుదిరింది అని మీరు ఎక్కడా రాయలేదు, ఎందుకో తెలియదు అనే రాశారు. మరి తెలియని సంగతికి తెలియదనే చెప్పడమే కదా మీరు ఇన్నాళ్లూ నమ్మిన పద్ధతి? నరసింహయ్య గారు బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమల్ని పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రేపు ఎవరైనా మీ ఎదురుగా విభూతి సృష్టిస్తున్నానని ఒక పేదవాడి దగ్గర డబ్బు గుంజుతుంటే మీరు ఊరుకుంటారా? ఊరుకోరని మీ ఉత్తరం తీరే చెప్తోంది. అలాంటప్పుడు మీలో పోయిందేంటి? ముఖ్యమైనది ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఇంకేదో వచ్చి చేరింది, దానికి ఇంకా పేరు లేదు, మీరు హడావిడిగా పెట్టాల్సిన పని కూడా లేదు.

కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన వాక్యం వేరే ఉంది. ‘వద్దనలేదు గానీ ఎగతాళి చేసేవాణ్ని.’ ఈ ఉత్తరంలో నిజంగా నొప్పి ఉన్నది అక్కడ అని నాకనిపిస్తోంది. మీ మిత్రుడి మాట మిమ్మల్ని అంత గట్టిగా తాకడానికి కారణం, ఒకప్పుడు అదే స్వరంతో మీరు మీ భార్యతో మాట్లాడి ఉండటం కావచ్చు. ఆ అలమరలో పటం ఇంకా ఉందా? ఆమె దేనికి దండం పెట్టుకునేదో, ఏ రోజు ఏం వండి నైవేద్యం పెట్టేదో మీకు తెలుసా? తెలియకపోతే మీ పిల్లల్ని అడగండి. వాళ్లకి తెలిసే ఉంటుంది, అమ్మలు అలాంటివి పిల్లలతో చెప్తారు. హేతువాదం తప్పని మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆమెని ఎగతాళి చేయడం బాధగా ఉందని మాత్రం పిల్లలకి చెప్పండి. మీ పాత నమ్మకం వల్ల ఏదైనా వదులుకున్నవాళ్లు ఈ కథలో ఎవరన్నా ఉన్నారంటే మీ ఇంట్లోనే ఉన్నారు, మాట వాళ్లకి చెప్పాలి. వాళ్లు ఏమంటారో నేను చెప్పలేను, కోపంగా కూడా ఏదైనా అనొచ్చు, అననివ్వండి, విని ఊరుకోండి.

మీ మిత్రుడికి ఏమీ చెప్పక్కర్లేదు. ఆయన మీ మీద ఆధారపడి ఏమీ పోగొట్టుకోలేదు. అడిగితే ‘అవును, కూర్చుంటున్నాను’ అనండి, అంతే. కావాలంటే పక్కన కూర్చోమనండి.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. భార్య పోయిన తరవాత ఏడాది రెండేళ్లు ఇలాంటి సిగ్గు, అపరాధ భావం దిగులుగా గట్టిపడే ప్రమాదం ఉంది. నిద్ర, తిండి తగ్గిపోతున్నా, రోజంతా దేని మీదా మనసు నిలవకపోయినా, బతకడం ఎందుకు అనిపిస్తున్నా, టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ అది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఊళ్లోనే నిమ్‌హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లడానికి నమ్మకాలతో పని లేదు.

ప్రశ్న: నాకు 27. రెండేళ్ల కింద ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు, 16 టైపుల్లో నేను అంతర్ముఖుణ్ని అని వచ్చింది. దాన్ని చూశాక నన్ను నేను అర్థం చేసుకున్నట్టు అనిపించి పార్టీలు, ట్రిప్‌లు అన్నీ మానేశాను. ఈ ఏడాది మళ్లీ పెడితే బహిర్ముఖుణ్ని అని వచ్చింది. ఏది కరెక్ట్?
(హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

జవాబు: మీరు రాసినది ఆ 16 టైపుల పాత టెస్టే అయితే, దాన్ని తయారుచేసింది కేథరిన్ బ్రిగ్స్, ఇజబెల్ బ్రిగ్స్ మైయర్స్ అనే తల్లీకూతుళ్లు. స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రకటించిన ఆలోచనలు దానికి పునాది. వాళ్లిద్దరూ మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కాదు. కొన్ని వారాల తేడాతో మళ్లీ రాసినా చాలామందికి టైపు మారిపోతుందని పరిశోధకులు ఎప్పటినుంచో విమర్శిస్తున్నారు. కారణం కూడా తేలికగా అర్థమవుతుంది. నలుగురిలో కలిసే గుణం జనంలో కొంతమందికి బాగా ఎక్కువ, కొంతమందికి బాగా తక్కువ, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. ఆ టెస్టు సరిగ్గా మధ్యలో గీత గీసి ఇటు ఉన్నవాళ్లని ఒకటి, అటు ఉన్నవాళ్లని ఇంకొకటి అంటుంది. మీరు ఆ గీత దగ్గర్లో ఉండి ఉంటారు. ఒక్క జవాబు అటూ ఇటూ అయితే టైపు మారిపోతుంది, మీరు మారకపోయినా.

నన్ను ఆలోచింపజేసింది టెస్టు కాదు, మీరు ట్రిప్‌లు మానేయడం. హెచ్ఆర్ ఇచ్చిన కాగితంలో ఉన్నదానికి తగ్గట్టు రెండేళ్లు బతికారు. ఆ రెండేళ్లలో మీకు ఒంటరిగా హాయిగా అనిపించిందా, వెలితిగా అనిపించిందా? దానికి జవాబు మీ దగ్గరే ఉంది, ఆ జవాబు ఆ టెస్టు కన్నా నమ్మదగింది. వెలితిగా ఉండి ఉంటే ఈ శనివారం ఎవరికైనా ఫోన్ చేయండి. హాయిగా ఉండి ఉంటే ఇప్పుడు కొత్తగా బహిర్ముఖుడు అన్నారని పార్టీలకి పరిగెత్తకండి.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. బీటెక్ అయిపోయి ఆరునెల్ల కింద జాబొచ్చింది, బీటీఎంలో పీజీ హాస్టల్లో ఉంటాండా. మొదట్లో నేను ‘యాడికి పోతాండావ్’ అంటే రూమ్మేట్లు పడీ పడీ నవ్వేవాళ్లు. వాళ్లది గుంటూరు, విజయవాడ వైపు. అప్పటినుంచి వాళ్ల మాదిరే మాట్లాడటం అలవాటు చేసుకున్నా. మొన్న ఇంటికి పోతే మా అమ్మతో కూడా అదే వచ్చేసింది. ‘ఏం మా, మాట కూడా మారిపాయనే’ అనింది. నవ్వుతానే అనింది గానీ నాకు ఏడుపొచ్చింది. నేను నటిస్తాండానా అక్కా?
(బీటీఎం లేఅవుట్)

జవాబు: లేదు తల్లీ, నటించడం లేదు. ఎదుటివాళ్ల మాట తీరుకి మన మాట దగ్గరగా జరగడం అన్ని భాషల్లోనూ ఉంది. హోవార్డ్ జైల్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి దీని మీదే పని చేశాడు. ఎదుటివాళ్లు మనకి నచ్చినా, వాళ్లు మనల్ని కలుపుకోవాలని మనం అనుకున్నా, మన పలుకు తెలియకుండానే వాళ్లవైపు వెళ్తుంది. ఆటో అతనితో నువ్వు వచ్చీరాని కన్నడలో మాట్లాడినప్పుడు నటిస్తున్నాననిపించిందా? అనిపించి ఉండదు. ఒక మనిషిని ఎంతమంది ఎరుగుదురో అన్ని రూపాలు ఆ మనిషికి ఉంటాయని విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1890లోనే రాశాడు, నీ రెండు యాసలూ అలాంటివే.

అయితే ఒక తేడా ఉంది. కన్నడ నువ్వు అవసరం కొద్దీ, ఇష్టం కొద్దీ నేర్చుకుంటున్నావ్. ఈ యాస మాత్రం నవ్వుతారనే భయంతో మార్చుకున్నావ్. అందుకే ఏడుపొచ్చింది. అమ్మ దగ్గర కూడా ఆ భయమే మాట్లాడేసిందని నీకు తెలిసిపోయింది. రాయలసీమ పలుకు తప్పు తెలుగు కాదు. గుంటూరు పలుకు ఒప్పు తెలుగూ కాదు. పత్రికలూ సినిమాలూ ఒక ప్రాంతం మాటని ఎక్కువగా వాడటం వల్ల ఆ ప్రాంతంవాళ్లకి తమది మామూలుగా, మిగతావాళ్లది వింతగా వినబడుతుంది, అంతకన్నా ఏమీ లేదు. నీ రూమ్మేట్లు చెడ్డ పిల్లలని కూడా నేను అనను. వాళ్లకి నువ్వు మాట మార్చుకున్నంత బాధపడ్డావని తెలిసుండదు.

అమ్మకి ఈ రాత్రే ఫోన్ చేసి జరిగింది చెప్పు. ఇక్కడ నవ్వారని, అందుకే మాట మార్చుకున్నానని. అసలు కారణం తెలియక ఆమె, నువ్వు దూరమవుతున్నావేమో అనుకుంటూ ఉంటుంది, ఆ కారణం ఆమెకి తెలియాల్సిన సంగతి. రూమ్మేట్లలో నీకు బాగా దగ్గరైన ఒక్కమ్మాయితో ముందు నీ మాటలోనే మాట్లాడటం మొదలుపెట్టు, అందరితో ఒకేసారి వద్దు. ఆఫీసులో మీటింగ్‌లో ఎలా మాట్లాడాలో అది నీ ఇష్టం, అక్కడ ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదు. మళ్లీ ఎవరైనా నవ్వితే వాక్యం మధ్యలో ఆపొద్దు. ‘మా ప్రొద్దుటూరులో ఇట్లే అంటాం’ అని చెప్పి, చెప్పాలనుకున్న మాట చివరిదాకా చెప్పెయ్.